మా ఊరి మాటలు ఏ అరలో ఉన్నాయి?

‘విస్తరణ’ అన్న మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? రోజూ పేపరు చదివేవాళ్లకైతే మంత్రివర్గ విస్తరణ. రోడ్డు వార ఇల్లున్నవాళ్లకైతే రోడ్డు విస్తరణ... ఆ మాట చెవిన పడితేనే గుండె గుభేల్‌మంటుంది. ఈ రెండూ కాని విస్తరణ మరొకటుంది. అది పుట్టిందే రైతు కోసం. కానీ ఆ మాట తెలియనిది కూడా రైతుకే!

వ్యవసాయ విస్తరణ అంటే మరీ అంత కష్టమైన విషయమేం కాదు. పరిశోధన కేంద్రంలో తేలిన సంగతిని పొలం గట్టు దాకా తీసుకెళ్లడం. అది నిజంగా చేరిందా, చేరితే రైతు ఎందుకు పాటించాడు, పాటించకపోతే అడ్డొచ్చిందేమిటి... ఇవన్నీ అడిగి తెలుసుకోవడం. వ్యవసాయ కళాశాలల్లో దీనికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. ఎమ్మెస్సీలు చేస్తారు, పీహెచ్‌డీలు చేస్తారు. ఏటా ఊళ్లకు వెళ్లి, రైతుల్ని కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, రాసుకుని వెళ్తారు.

రాసుకెళ్లింది ఏమవుతుంది?

ఆ ప్రశ్న నాది కాదు. మా పెదనాన్నది.

‘మీరు రాస్తే మర్నాడు కనపడుద్ది’

దుగ్గిరాల దగ్గర మా ఊరు. కాలువ కింద మాగాణి. తొలకరికి వరి, వరి కోశాక రెండో పంట. ఒకప్పుడు ఆ రెండో పంట మినుమే. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిచేలోనే మినుములు చల్లేసేవారు. దున్నే పని లేదు, నీళ్లు పెట్టే పని లేదు. నేలలో మిగిలిన పదును, పైన పడే మంచు చాలు. ఇంట్లో గారెలకీ, ఇడ్లీలకీ, కూతుళ్లకు పంపే సంచులకీ అదే మినుము.

తర్వాత పల్లాకు తెగులు వచ్చింది. పచ్చటి చేను పసుపు రాసినట్టు అయిపోయేది. దానికి తోడు బంగారు తీగ. పేరు చూస్తే నగల కొట్టు గుర్తొస్తుంది కానీ, అది మొక్కను చుట్టుకుని రసం పీల్చేసే కలుపు. మినుము మీద ఆశ వదులుకున్న రైతులు మొక్కజొన్నకు మారారు. అది కూడా దున్నకుండానే. వరి కోసిన తడి నేలలో తాడు పట్టి, వరసగా గుంటలు చేసి, గింజ వేయడం. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో అది పెద్ద మార్పు.

ఆ మార్పు గురించే ఒక అమ్మాయి మా ఊరొచ్చి రెండు రోజులు ఉందట. చేతిలో అట్ట, దాని మీద కాగితాల కట్ట. పెదనాన్న అరుగు మీదే కూర్చుని ఒక్కో రైతునీ గంటసేపు అడిగిందట. ‘మొదట ఎవరు చెప్పారు? ఎన్నెకరాల్లో వేశారు? శిక్షణకు వెళ్లారా? రేడియో వింటారా?’ అని. పెద్దమ్మ ఆ పిల్లకు అన్నం కూడా పెట్టింది. ఇదంతా జరిగి పదిహేనేళ్ల పైమాటే.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్తే పెదనాన్న అన్నాడు: ‘ఏమ్మా, మీ పేపరోళ్లు రాస్తే మర్నాడు కనపడుద్ది. ఆ పిల్ల రాసుకెళ్లింది ఎక్కడ కనపడుద్ది?’

సరదాకి అడిగిన మాట కాదది. పక్కనే అన్నయ్య ఉన్నాడు. సొంత పొలం ఎకరంన్నర, కౌలుకు తీసుకుంది నాలుగెకరాలు. మొక్కజొన్నకు ఎరువులూ కూలీలూ కలిసి పెట్టుబడి తడిసి మోపెడవుతోంది. తిరిగి మినుముకు పోదామంటే పల్లాకు భయం. ‘మనలాంటోళ్లు ఎవరైనా వదిలేసి మళ్లీ ఏశారా? ఏస్తే ఏమయింది? వాళ్ల సంగతి ఎక్కడైనా రాసుంటే చెప్పు’ అన్నాడు. పురుగుమందు కొట్టులో అడిగితే మందు పేరు చెబుతారు. అన్నయ్యకు కావలసింది మందు కాదు. తనలాంటి మరో రైతు అనుభవం.

రైతుల గురించి చాలా కథనాలు రాశాను. ఈ ప్రశ్నకు మాత్రం ఫోన్ చేసి అడిగేందుకు ఏ అధికారి పేరూ తట్టలేదు. వెతకడమే మిగిలింది.

చుక్క తర్వాత ఏడొందల పదిహేను

అన్నయ్య కూతురు వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ముందు తనే ఫోను తీసి ‘విస్తరణ పరిశోధన’ అని తెలుగులో కొట్టింది. వరసగా మంత్రివర్గం వార్తలు! ‘అత్తా, మనకు పదవి వచ్చేట్టుంది’ అని నవ్వింది.

తర్వాతి నెలలో ఒక వ్యవసాయ కళాశాల గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి గ్రంథపాలకుడు ఇంకో ఏడాదిలో పదవీ విరమణ చేయబోతున్న పెద్దాయన. నేను చెప్పిందంతా విని మూడే ప్రశ్నలడిగారు. ‘ఏ పంట? ఏ ప్రాంతం? ఇంచుమించు ఏ సంవత్సరం?’ తర్వాత ఒక మాటన్నారు. ‘చూడమ్మా, మీ ఊళ్లో మాట ఇక్కడ చెల్లదు. ఇక్కడి మాట మీ ఊళ్లో చెల్లదు. మధ్యలో నాకు జీతం ఇస్తున్నది అందుకే.’

నాకు బాగా నచ్చిన మాట అది. ఎందుకంటే ఆ తర్వాత ఆయన చేసింది అచ్చంగా అనువాదమే.

పుస్తకాల అరల మీద అంకెలు చూసే ఉంటారు. డ్యూయీ పద్ధతిలో వ్యవసాయం 630. దాని పక్కన చుక్కపెట్టి 715 అని వేస్తే విస్తరణ. అంటే 630.715 ఉన్న అర దగ్గరికి వెళ్తే, రైతుకు కబురు చేర్చడం ఎలా అన్న పుస్తకాలన్నీ ఒకచోట ఉంటాయి. ఏ ఊరి గ్రంథాలయానికి వెళ్లినా, ఈ పద్ధతి పాటిస్తుంటే, అదే అంకె. ఇంటి చిరునామాలాంటిదన్నమాట.

అయితే మాకు కావలసింది పుస్తకాలు కాదు, పరిశోధన విద్యార్థులు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు. అవి వేరే గదిలో, గట్టి అట్టలతో, వీపు మీద బంగారు రంగు అక్షరాలతో బారులు తీరి ఉంటాయి. వాటిని వెతకడానికి పెద్దాయన ఒక కాగితం మీద రెండు వరసల్లో మాటలు రాసిచ్చారు. ఎడమవైపు మా ఊరి మాట, కుడివైపు గ్రంథాలయం మాట.

మనం ‘వేశాం’ అంటే వాళ్లు ‘అడాప్షన్’ అంటారు. ‘మానేశాం’ అంటే ‘డిస్‌కంటిన్యువెన్స్’. ‘ఇబ్బందులు’ అంటే ‘కన్‌స్ట్రెయింట్స్’. వరి కోశాక ఖాళీగా ఉండే మాగాణి ‘రైస్ ఫాలో’. దున్నకుండా వేయడం ‘జీరో టిల్లేజ్’. పల్లాకు తెగులు ‘ఎల్లో మొజాయిక్’. బంగారు తీగ ‘కస్కూటా’. మినుముకైతే రెండు పేర్లు. దక్షిణాదివాళ్లు ఎక్కువగా ‘బ్లాక్‌గ్రామ్’ అని రాస్తే, ఉత్తరాది పరిశోధకులు ‘ఉర్ద్‌బీన్’ అని రాస్తారు. ఒక పేరుతో వెతికితే రెండో పేరున్నవన్నీ జారిపోతాయి. అందుకని శాస్త్రీయ నామం ‘విగ్నా ముంగో’ కూడా వేసి చూడమన్నారు.

విత్తనం పేరుతో కూడా వెతకొచ్చట. మినుము రైతులందరికీ ఎల్‌బీజీ రకాలు తెలుసు. ఆ మూడక్షరాల్లో మొదటిది గుంటూరు పక్కన ఉన్న లాం పరిశోధన స్థానానిది. టీబీజీ అంటే తిరుపతిది. విత్తనం సంచి మీద ఉన్న అంకెను వెతుకులాటలో వేస్తే, ఆ రకం మీద జరిగిన పనంతా బయటికొస్తుంది. మా అన్నయ్యకు బాగా నచ్చిన ఉపాయం ఇదే. ఎందుకంటే ఇందులో ఒక్క కొత్త మాట కూడా నేర్చుకోనక్కర్లేదు!

అరలన్నీ ఫోన్లోకి

ఇదంతా గ్రంథాలయం దాకా వెళ్లగలిగినవాళ్లకు. వెళ్లలేనివాళ్ల సంగతి?

ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఇదే పని మీద బయల్దేరి ఉంటే బస్సు టికెట్లకే సగం జీతం అయ్యేది. ఇప్పుడు ‘కృషికోశ్’ ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో నడిచే డిజిటల్ భాండాగారం. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు, పాత పుస్తకాలు, నివేదికలు అందులో ఉన్నాయి. చాలావాటిని ఇంట్లో కూర్చునే చదవొచ్చు. కొన్నిటికి సారాంశం మాత్రమే కనిపిస్తుంది. ఇతర విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీల కోసమైతే ‘శోధ్‌గంగ’. పల్లెల మీద పరిశోధన వ్యవసాయ కళాశాలల్లోనే జరగదు కదా. సామాజిక శాస్త్రం, ఆర్థిక శాస్త్రం, జర్నలిజం విభాగాల్లోనూ జరుగుతుంది. అవి అక్కడ దొరుకుతాయి.

మన రాష్ట్రాల విషయంలో ఒక చిక్కుముడి ఉంది. దాన్ని విప్పుకోకపోతే సగం వెతికి ఆగిపోతాం. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1945 నుంచే ఉన్న బాపట్ల కళాశాల కూడా దాని కిందికొచ్చింది. 1996లో ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. పశువైద్యం 2005లో, ఉద్యానం 2007లో విడివడి వేరే విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. రంగా విశ్వవిద్యాలయం లాం కేంద్రంగా నడుస్తోంది. అంటే మా దుగ్గిరాల పసుపు మీద పాత పరిశోధన ఒకచోట, కొత్తది మరోచోట. గుంటూరు జిల్లా రైతు పాతికేళ్ల కిందట చెప్పిన మాట రాజేంద్రనగర్ పేరు మీద నమోదై ఉండొచ్చు. ఊరు ఎక్కడుందని కాదు, ఆ ఏడాది ఆ చదువు ఎవరి కింద ఉందో చూడాలి.

అదే రాజేంద్రనగర్‌లో మరో రెండు పెద్ద సంస్థలున్నాయి. వ్యవసాయ పరిశోధన నిర్వహణ కోసం 1976లో ఏర్పడిన ‘నార్మ్’, విస్తరణ కోసమే 1987లో ఏర్పడిన ‘మేనేజ్’. దేశం మొత్తానికీ విస్తరణ అధికారులకు పాఠాలు చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉందని ఎంతమందికి తెలుసు? విస్తరణ పరిశోధనలకు ప్రత్యేకంగా ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేషన్’ 1965 నుంచి వస్తోంది. రెండొందల పేజీల గ్రంథం చదివే ఓపిక లేకపోతే, అదే సంగతిని నాలుగైదు పేజీల్లో చెప్పే వ్యాసాలు అందులో ఉంటాయి.

ప్రపంచం మొత్తం చూడాలనుకుంటే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1970ల నుంచీ నడుపుతున్న ‘అగ్రిస్’ ఉంది. ఏ దేశంలో ఏ పంట మీద ఏం రాశారో చెప్పే పట్టిక అది. దానికి తోడు ‘అగ్రోవాక్’ అని ఒక పదకోశం. వ్యవసాయానికి సంబంధించిన మాటలకు పదుల భాషల్లో సమానార్థకాలు ఇస్తుంది. అందులో తెలుగు కూడా ఉంది. పెద్దాయన కాగితం మీద రాసిచ్చిన రెండు వరసల పట్టీ లేదూ... దానికి పెద్దన్నయ్య అనుకోండి.

ఇక డబ్బు కట్టి చదవాల్సిన పత్రికలు. వ్యవసాయ కళాశాలల కోసం వాటిని ఉమ్మడిగా తెప్పించే ఏర్పాటు 2007లోనే మొదలైంది. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులో ఉంటాయి. మా అన్నయ్య కూతురు అడ్మిషన్ నంబరుతో వాటిని తెరవగలదు. మా అన్నయ్య తెరవలేడు. ఆ పత్రికల్లో తన పొలం గురించి రాసి ఉన్నా సరే!

కాబట్టి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వ్యవసాయ కళాశాలలో చదివే పిల్లలుంటే... వాళ్లే మీ ఊరి గ్రంథాలయం.

అయోవా రైతులూ, మా పెదనాన్నా

వెతుకుతూ వెతుకుతూ ఒక పాత అమెరికా అధ్యయనం దగ్గర ఆగిపోయాను. విస్తరణ చదివేవాళ్లందరికీ అది ఓనమాలులాంటిది. అయోవా రాష్ట్రంలో రెండు పల్లె ప్రాంతాల్లో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా పాకిందో బ్రైస్ ర్యాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు అడిగి తెలుసుకుని 1943లో రాశారు. కొత్త విత్తనం గురించి మొదట ఎవరి నోట విన్నారని అడిగితే, విత్తనాలమ్మే వాళ్ల పేరు చెప్పిన రైతులే ఎక్కువ. సరే, వేద్దాం అని నిర్ణయించుకున్నది ఎవరి మాట మీద అంటే... ఇరుగుపొరుగు రైతుల మాట మీద!

అంత మేలైన విత్తనమే అయినా, దాదాపు అందరూ వేయడానికి పన్నెండేళ్లకు పైనే పట్టిందట. రైతు మొండివాడని కాదు. ముందు కాస్త నేలలో వేసి చూస్తాడు. పక్కవాడి చేను చూస్తాడు. తర్వాతే ముందడుగు వేస్తాడు. సంసారం నడిపే ఏ మనిషైనా అంతే కదా.

ఈ సంగతి పెదనాన్నకు ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ పిల్ల కూడా నన్ను అదే అడిగింది. నేనూ అదే చెప్పా. మొక్కజొన్న సంగతి ఆఫీసరు చెప్పాడు, ఏసింది మాత్రం పడమటి వీధి వాళ్ల చేను చూసి’ అన్నాడు. ఎనభై ఏళ్ల కిందట సముద్రాలకు అవతల ఒక రైతు చెప్పిన జవాబూ, దుగ్గిరాల కాలువ గట్టున మా పెదనాన్న చెప్పిన జవాబూ ఒకటే. ఆ మాట విన్నాక ఆయన గొంతులో ఏదో ధీమా. తను చెప్పింది వట్టి కబుర్లు కాదు, శాస్త్రంలో ఒక వాక్యం అని తెలిసిన ధీమా.

ఈ ‘ఎక్స్‌టెన్షన్’ అన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. 1873లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తన గోడలు దాటి, కాలేజీకి రాలేని మామూలు జనానికి ఊళ్లలో ఉపన్యాసాలు మొదలుపెట్టింది. చదువును గోడ అవతలికి చాచడం కాబట్టి ఆ పేరు. అమెరికాలో 1914లో ఒక చట్టమే చేసి దాన్ని వ్యవసాయానికి తెచ్చారు. మన దేశంలో 1952 గాంధీ జయంతి నాడు సమాజాభివృద్ధి పథకం, సరిగ్గా ఏడాదికి జాతీయ విస్తరణ సేవ మొదలయ్యాయి. సైకిలు మీద ఊరూరా తిరిగిన గ్రామసేవక్‌లు మన తాతలకు గుర్తే. 1974లో పుదుచ్చేరిలో తొలి కృషి విజ్ఞాన కేంద్రం, 2004లో కిసాన్ కాల్ సెంటర్, 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల్లో రైతు భరోసా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు. పేర్లు మారాయి, గోడ దాటించే ప్రయత్నం మాత్రం ఆగలేదు.

మన తెలుగువాళ్లు ఆ పనిని ఇంకో దారిలోనూ చేశారు. మా ఊరి కాలువలోనే! 1935లో పాతూరి నాగభూషణంగారి చొరవతో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పడవ నిండా పుస్తకాలు. రేవులో ఆగితే జనం వచ్చి తీసుకెళ్లడం, చదివాక తిరిగివ్వడం. గ్రంథాలయానికి రైతు రాలేకపోతే గ్రంథాలయమే రైతు రేవుకు వచ్చిందన్నమాట. ఇప్పుడు అంతకన్నా లక్షల రెట్లు పుస్తకాలు మన జేబులోని ఫోన్లోకి వస్తున్నాయి. రేవు దగ్గర దిగి చదివి చెప్పేవాళ్లే లేరు.

అరుగు మీద ప్రశ్నావళి

మరి ఆ అమ్మాయి రాసుకెళ్లింది దొరికిందా?

మా ఊరి పేరుతో ఏదీ దొరకలేదు. చాలా గ్రంథాల్లో జిల్లా పేరు, మండలాల పేర్లు, ఎంతమందిని అడిగారన్న అంకె ఉంటాయి. రైతుల పేర్లు ఉండవు. ఉండకూడదు కూడా. మనసు విప్పి చెప్పినవాళ్లకు తర్వాత ఇబ్బంది రాకుండా పాటించే నియమం అది. పెదనాన్న ఎక్కడున్నాడంటే... ఏదో ఒక పట్టికలో ‘యాభై ఏళ్లు పైబడినవారు’ అన్న గడిలో ఒక అంకెగా ఉన్నాడు.

కానీ మా జిల్లాల మీద, మాగాణి మొక్కజొన్న మీద, మినుము మీద గ్రంథాలు దొరికాయి. పెద్దాయన చెప్పిన ఇంకో కిటుకు బాగా పనికొచ్చింది. ‘ఒక్కటి దొరికితే చాలు. ముందు రెండో అధ్యాయం చూడు. అంతకుముందు ఎవరెవరు ఏం చేశారో అక్కడ రాస్తారు. చివర్న వాళ్ల పేర్ల పట్టిక ఉంటుంది. ఒక కొమ్మ పట్టుకుని లాగితే తీగంతా వస్తుంది’ అన్నారు. ‘ఇంకా ఓపిక ఉంటే వెనకాల జతచేసిన ప్రశ్నావళి చదువు. జవాబుల కన్నా అదే ఎక్కువ చెబుతుంది’ అని కూడా అన్నారు.

ఆ ప్రశ్నావళే నన్ను ఊరికి లాక్కెళ్లింది. అన్నయ్య కూతురూ నేనూ కలిసి ఆరు పేజీలు తెలుగులో రాసుకున్నాం. మూడు పేజీలు రైతులు చెప్పిన ఇబ్బందులు, మూడు పేజీలు ప్రశ్నలు. ఒక ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద చదివి వినిపించాం. పది మంది దాకా వచ్చారు. పెదనాన్న కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు.

ఇబ్బందులు చదువుతుంటే తలలూపారు. విత్తనం సమయానికి దొరకకపోవడం, కూలీలు, ధర... ‘మనమే చెప్పినట్టుందే’ అన్నారు ఒకరు. అసలు సందడి ప్రశ్నల దగ్గర మొదలైంది.

‘మీకు ఎన్ని ఎకరాల భూమి ఉంది?’ అని చదవగానే అన్నయ్య అందుకున్నాడు. ‘ఇదే తప్పు. నాకుంది ఎకరంన్నర. నేను చేసేది అయిదున్నర. ఏం వెయ్యాలో నాలుగెకరాల మీద నా ఒక్కడి చేతుల్లో లేదు. కౌలు కట్టాలంటే డబ్బులొచ్చే పంటే వెయ్యాలి. ఆ ప్రశ్న ఏదీ?’ అన్నాడు. కౌలు రైతుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. చట్టంలోకి ఎక్కిన మనిషి ఆ ప్రశ్నావళిలోకి ఎక్కలేదు.

పెద్దమ్మ గుడి మెట్ల మీద నుంచే అంది: ‘మినుములు బూడిద కలిపి దాచేది మేము. పురుగు పట్టిందో లేదో చూసేది మేము. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ పిల్లకు అన్నం పెట్టా గానీ, నన్నొక్క ప్రశ్న అడగలేదు.’ అందరూ నవ్వారు. అన్నయ్య కూతురు నవ్వలేదు. చేతిలో ఉన్న కాగితం వెనక్కి తిప్పి రాసుకోవడం మొదలుపెట్టింది.

చీకటి పడేసరికి ఆ కాగితం నిండిపోయింది. పరిశోధన అంటే జవాబులు తెచ్చేదనుకుంటాం. దాన్ని అడిగినచోటికే తిరిగి తీసుకెళ్తే కొత్త ప్రశ్నలు కూడా తెస్తుంది. విస్తరణ అనే దారికి రెండు కొసలున్నాయి. కాలేజీ నుంచి పొలానికి వెళ్లే కొస మీద ఎన్ని పథకాలో! పొలం నుంచి కాలేజీకి చేరిన మాట తిరిగి పొలానికి వచ్చే కొస మీద గడ్డి మొలుస్తోంది.

దాన్ని నడిచి బాగుచేయడానికి పెద్ద పథకమేం అక్కర్లేదు. సిద్ధాంత గ్రంథం సమర్పించే ప్రతి విద్యార్థీ దాని సారాంశాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాసి, అడిగిన ఊరి పంచాయతీకో, పాఠశాలకో, రైతు కేంద్రానికో పంపితే చాలు. ఊళ్లో పేపరు చదివే పెద్దలు ఒక సాయంత్రం దాన్ని పైకి చదివితే చాలు. విశ్వవిద్యాలయం వెలువరించే ‘వ్యవసాయం’ మాసపత్రిక, వ్యవసాయ పంచాంగం ఇప్పటికే తెలుగులో ఉన్నాయి. ఏం చేయాలో అవి చెబుతాయి. మీలాంటి రైతు ఏం చేశాడో, ఎందుకు చేశాడో చెప్పేవి మాత్రం ఆ గట్టి అట్టల గ్రంథాలే.

అన్నయ్య ఆ రోజు ఏమీ తేల్చలేదు. వరి కోతల ముందు ఫోన్ చేశాడు. లాం వెళ్లి పల్లాకును తట్టుకునే రకాల గురించి అడిగి వచ్చాడట. సొంత పొలంలో ఎకరం మినుము చల్లుతున్నాడు. మిగతాదంతా మొక్కజొన్నే. ‘ముందు కాస్త నేలలో ఏసి చూస్తా. మీ అమెరికా వాళ్ల లెక్కే’ అన్నాడు.

అన్నయ్య కూతురు ఎమ్మెస్సీకి విస్తరణ విభాగమే తీసుకుంటానంటోంది. తన ప్రశ్నావళిలో మొదటి రెండు ప్రశ్నలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయట. ‘మీరు సాగుచేసే భూమిలో కౌలుది ఎంత?’ అన్నది ఒకటి. ‘విత్తనం దాచేది ఎవరు?’ అన్నది రెండోది.